పన్నెండో ల్యాపు తరువాత

కరీంనగర్,
జూన్ 11

లక్ష్మణన్నా,

ఇరవై సార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం. చిరునామా వినోదక్క ఇచ్చింది, ఇంట్లో ఆమెను ఏమీ అనకు.

నా భుజం ఎముక అతుక్కుంది. స్పోర్ట్స్‌కార్ల చాంపియన్‌షిప్ ఈ నెలాఖరున కోయంబత్తూరులో మొదలవుతోంది. నవంబరు దాకా ఐదు రౌండ్లు, ఒక్కో రౌండుకు పద్దెనిమిది ల్యాపుల రేసు. బాపు ఒకటే మాట అన్నాడు: "గిదే ఆఖరు. మల్ల గసొంటిది అయిందనుకో, కారు అమ్మి పారేస్త."

కొత్త మెకానిక్ మంచివాడే. కానీ కారుకు ఏమైందో ల్యాప్‌టాప్‌ను అడుగుతాడు. నువ్వు బానెట్ మీద చెయ్యి పెట్టి చెప్పేవాడివి. క్వారీ బాట మీద జీపులో నాకు గేర్లు నేర్పినవాడివి. నువ్వు లేకుండా ఆ కారులో కూర్చోవాలంటే నాకు ధైర్యం చాలడం లేదు.

జరిగిందేదో జరిగింది. మళ్లీ రా అన్నా.

శ్రేయ


ఆదిలాబాద్,
జూన్ 19

శ్రేయ గారికి,

నమస్కారం. ఉత్తరం అందింది. ఫోన్‌లో మీ గొంతు వింటే సరేననేస్తానేమోనని ఎత్తలేదు. కాగితం మీదైతే నిదానంగా కాదనవచ్చు.

జరిగిందేదో జరిగిందని రాశారు. ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. నిరుడు నవంబరులో, చెన్నై ట్రాక్ మీద, పదమూడో ల్యాపులో, పొడుగు దారి చివర మీ కారు మలుపు తిరగకుండా నేరుగా పోయి టైర్ల గోడను గుద్దింది. తరువాత విప్పి చూస్తే బ్రేకు పైపు జాయింటు వదులుగా ఉంది. నాలుగు రోజులకు మీ ఇంటి ముందు ఆ పైపును బల్ల మీద పెట్టించి, పదిమందిలో మీ నాన్న జనార్దన్‌రావు గారు అన్నారు: "నా బిడ్డ పానం నీ చేతుల వెట్టిన లక్ష్మణ్. గిదా నువ్వు జేసిన పని?"

పద్దెనిమిదేళ్లు ఆ ఇంటి లారీలు, కార్లు చూసిన చేతులివి. మీరు అక్కడే ఉన్నారు. భుజానికి పట్టీతో కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నారు.

ఇప్పుడు మా అత్తగారి ఊళ్లో, పత్తి మార్కెట్ వెనుక షెడ్డు వేసుకున్నాను. ట్రాక్టర్లు, ట్రాలీలు వస్తాయి. బండి ఆలస్యమైతే సగం మంది రైతులు మరాఠీలో తిడతారు, మిగతా సగం తెలుగులో. బాగానే ఉంది.

నేను రాను.

ఇట్లు,
లక్ష్మణ్


కరీంనగర్,
జులై 3

అన్నా,

నువ్వు ‘గారు’ అని రాస్తే వేరెవరికో వచ్చిన ఉత్తరం విప్పినట్టు అనిపించింది. రానంటే సరే, బలవంతం చేయను. ఒక్క సలహా అడగనివ్వు.

మొదటి రౌండు అయిపోయింది. మూడో స్థానం. పదకొండో ల్యాపు దాకా రెండో స్థానంలో ఉండి, ఆ తరువాత వెనకబడ్డాను. కారు లోపల వేడి భరించలేకపోతున్నాను. కూర్చునే చోటికి చల్లగాలి వచ్చేలా ఏమైనా చేయగలమా? కొత్త మెకానిక్‌ను అడిగితే, "అందరి కార్లూ ఇంతే వేడి" అంటాడు. ల్యాపు సమయాల కాగితం ఈ ఉత్తరంతో పెట్టాను.

వేడి తగ్గితే చాలు. మిగతాదంతా నేను చూసుకోగలను.

శ్రేయ


ఆదిలాబాద్,
జులై 10

శ్రేయమ్మా,

జవాబు రాయొద్దనుకున్నాను. వినోద కాగితం తెచ్చి ముందు పెట్టింది. "కోపం తండ్రి మీద. గా పిల్ల ఏం జేసింది? జర రాయి" అన్నది.

ముందు బంపరు కింద నుంచి గాలి తీసుకుని, చేతి మందం గొట్టంతో హెల్మెట్ పక్కకు తెప్పించు. సైలెన్సర్ గొట్టం పోయే చోట సీటు కింద రెండు పొరల రేకు వేయించు, మధ్యలో వేలు పట్టేంత సందు ఉండాలి. బొమ్మ గీశాను, మీ మెకానిక్‌కు చూపించు.

ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. మే నెల ఎండలో క్వారీలో రేకు జీపు నడిపి, చాలు దిగమంటే దిగని పిల్లవు నువ్వు. వేడి అని ఎన్నడూ అనలేదు. ఇప్పుడేమైంది?

ఇది సలహా వరకే.

లక్ష్మణ్


కరీంనగర్,
జులై 29

అన్నా! గెలిచాను!

చెన్నైలో వాన. అందరూ జారుతున్నారు. నేను మాత్రం నువ్వు నేర్పినట్టు బ్రేకును గుడ్డు పెంకు మీద కాలు పెట్టినట్టు తొక్కుతూ పోయాను. పుణే డ్రైవరు నా వెనుకే ఉన్నాడు, నాలుగు సెకన్ల తేడాతో గెలిచాను. పన్నెండో ల్యాపు దాటింది, పదమూడు, పద్నాలుగు, ఏమీ కాలేదు! చివరి దాకా అంతా శుభ్రంగా ఉంది. నువ్వు చెప్పిన గొట్టం బ్రహ్మాండంగా పని చేసింది.

బాపు పది మందికి ఫోన్ చేసి చెప్పాడు. నీ పేరు మాత్రం తీయలేదు. నేనూ తీయలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

శ్రేయ


ఆదిలాబాద్,
ఆగస్టు 6

బిడ్డా శ్రేయా,

సంతోషం. మా షెడ్డులో ముగ్గురు రైతులను నిలబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. వాళ్లకు ఏం అర్థమైందో తెలియదు గానీ చాయ్ తాగి పోయారు.

అయితే, పన్నెండో ల్యాపు దాటినా ఏమీ కాలేదని రాశావు. ఏం కావాలి పన్నెండో ల్యాపులో?

నీకు చెప్పని మాటొకటి ఉంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నేను బ్రేకు పని ముట్టలేదు. ఎవరైనా తెస్తే పక్క షెడ్డుకు పంపిస్తాను. ఆ జాయింటు నేను బిగించాను, పానా ఆగిపోయిన శబ్దం చెవుల్లో ఉంది, మరుసటి ఉదయం మళ్లీ చూశాను కూడా. అయినా వదులైందంటే ఇక నా చేతిని నేను ఏమని నమ్మాలి? తొమ్మిది నెలలుగా ఇదే పరేషాన్.

వచ్చే రౌండులో కారు లోపలి కెమెరా తీసిన వీడియో పెన్‌డ్రైవులో వేసి పంపు. ల్యాపుల కాగితం కూడా.

లక్ష్మణ్


కరీంనగర్,
ఆగస్టు 30

అన్నా,

మూడో రౌండులో ఐదో స్థానం. కోయంబత్తూరులో ఎండ విపరీతంగా కాసింది. ఎందుకు వెనకబడ్డానో తెలియదు. టైర్లు అయ్యుండొచ్చు. పెన్‌డ్రైవు పంపుతున్నాను. చూడమని కాదు, అడిగావు కాబట్టి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బ్రేకు పని మళ్లీ మొదలుపెట్టు అన్నా. నీ కాళ్లు మొక్కుతాను. నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఆ రోజు నీదే తప్పని నేనెప్పుడూ అనలేదు.

శ్రేయ


ఆదిలాబాద్,
సెప్టెంబరు 8

శ్రేయా,

అనలేదు. కాదని కూడా అనలేదు.

వీడియో మూడుసార్లు చూశాను. పక్కన ల్యాపుల కాగితం పెట్టుకుని చూశాను. బ్రేకుల వేడి సరిగానే ఉంది. టైర్లకు ఏమీ కాలేదు. పొడుగు దారి చివర, ఎడమ పక్కన, మలుపు ఎంత దూరముందో చెప్పే బోర్డులు ఉంటాయి కదా. పదకొండో ల్యాపు దాకా నీ తల కదలదు. ఎదురుగా చూస్తూనే బ్రేకు తొక్కుతావు. పన్నెండు నుంచి ప్రతిసారీ అక్కడికి రాగానే తల మొత్తం ఎడమకు తిప్పుతున్నావు. బోర్డు కోసం వెతుకుతున్నావు.

బండికి తల ఉండదు బిడ్డా. తిప్పింది నువ్వు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మొరాయించే ఇంజన్లు నా షెడ్డుకు వారానికి రెండు వస్తాయి. పొద్దున తెస్తే జబ్బు దొరకదు. గంట నడిపి తెమ్మంటాను. వానలో నీకు ఏమీ కాలేదు. ఎండలో అయింది. నువ్వు అడిగింది చల్లగాలి.

నీ ఎడమ కంటికి ఏమైంది?

లక్ష్మణ్


ఆదిలాబాద్,
అక్టోబరు 14

శ్రేయా,

నెల దాటింది. జవాబు లేదు.

నాలుగో రౌండు ఫోన్‌లో చూశాను. నీ ఎడమ పక్కన వచ్చిన కారును, అది అక్కడ లేనట్టే తోసేశావు. అది రెండు పల్టీలు కొట్టింది. అందులో ఉన్నది మమతారాణి అనే హైదరాబాద్ అమ్మాయట, మొదటి సీజనట, మణికట్టు విరిగిందట. నువ్వు రెండో స్థానంలో వచ్చావు. విచారణలో "నేను చోటు వదిలాను" అన్నావట. వాళ్లు రేసులో ఇలాంటివి మామూలే అని వదిలేశారు.

ఆ అమ్మాయి తలకిందులుగా వేలాడుతుంటే నాకు నువ్వే కనిపించావు.

ఫైనల్ నవంబరు పదహారున, చెన్నైలో. ఆ లోపల నువ్వు డాక్టరుకు చెప్పు. మీ నాన్నకు చెప్పు. ఎవరికి ముందు చెప్తావో నీ ఇష్టం.

లక్ష్మణ్


కరీంనగర్,
అక్టోబరు 25

అన్నా,

అన్నీ రాస్తాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

నిరుడు సెప్టెంబరులో ఎడమ కన్ను నొప్పి పెట్టి, రెండు వారాలు మసకేసింది. రంగులన్నీ ఉతికిన బట్టలా వెలిసిపోయాయి. తరువాత దానంతటదే తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. నవంబరు రేసులో ఒళ్లు వేడెక్కిన కొద్దీ మళ్లీ మసక మొదలైంది. పదమూడో ల్యాపులో బోర్డు కనపడలేదు. ఇంకా దూరం ఉందనుకున్నాను. గోడ కనిపించేసరికి గోడలో ఉన్నాను.

బ్రేకు పని చేయక కాదు. నేను తొక్కలేదు.

పైపు గోడను గుద్దినప్పుడు వదులైంది. బాపు నిన్ను అంటున్నప్పుడు నాకు అది తెలుసు. నోరు తెరిస్తే కన్ను సంగతి చెప్పాలి, చెప్తే ఇక కారు లేదు. నేల చూస్తూ కూర్చున్నాను. నువ్వు గేటు దాటి పోయేటప్పుడు నీ చెప్పుల చప్పుడు విన్నాను.

జనవరిలో హైదరాబాద్‌లో ఒక డాక్టరుకు ఒంటరిగా చూపించుకున్నాను. కంటి నరానికి వాపు వచ్చి పోయిందన్నాడు. ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారుతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. స్కానింగ్ చేయించుకోమన్నాడు. చేయించుకోలేదు. సీజన్‌కు ముందు వైద్య పరీక్ష ఏసీ గదిలో పెట్టారు. చివరి వరుస దాకా చదివేశాను.

మమతారాణి కారు నిజంగా కనిపించలేదు. అద్దంలో లేదు, పక్కన లేదు, చప్పుడు మాత్రం వచ్చింది.

ఇప్పుడు పట్టికలో మూడు పాయింట్లతో ముందున్నాను. ఒక్క రేసు అన్నా. ఐస్ నింపిన బనియను తెప్పించాను. నవంబరులో ఎండ తక్కువే. పద్దెనిమిది ల్యాపులు, అరగంట. ఆ తరువాత నేనే అందరి ముందు నిలబడి నీ పేరు కడుగుతాను. అప్పటిదాకా ఆగు. ఎన్నో అడిగాను నిన్ను, ఇదే ఆఖరుది.

శ్రేయ


ఆదిలాబాద్,
నవంబరు 3

శ్రేయా,

నీ ఉత్తరం వినోదకు చదివి వినిపించలేదు. మొదటిసారి ఆమె దగ్గర దాచాను.

ఏడాది. ఏడాదిపాటు నా చేతులను నేను దొంగలను చూసినట్టు చూశాను. దాని గురించి ఇప్పుడు రాయను. రాస్తే అసలు మాట పక్కకు పోతుంది.

అసలు మాట ఇది. నా పేరు కోసం నేను ఒక్క రోజు కూడా తొందర పడటం లేదు. కానీ ఆ అరగంటలో నీ ఎడమ పక్కకు వచ్చేవాడికి, తను నీకు కనపడటం లేదని తెలియదు. వాడి తరఫున ఆగమని నన్ను అడిగే హక్కు నీకు లేదు, ఆగే హక్కు నాకూ లేదు.

నేను చెన్నై వస్తున్నాను. పదహారో తారీఖు పొద్దున గేటు దగ్గర ఉంటాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఆ తరువాత జన్మంతా నా మొహం చూడకపోయినా సరే.

లక్ష్మణ్


కరీంనగర్,
నవంబరు 24

అన్నా,

గేటు దగ్గర నువ్వు నన్ను తిడతావనుకున్నాను. నువ్వు సంచి భుజాన వేసుకుని, "టిఫిన్ తిన్నవా?" అన్నావు. ఇంకా ఎవరికీ చెప్పలేదంటే, "గంట టైముంది. నాకు పాస్ లేదు, గీడనే నిలవడ్త. నువ్వు రాకుంటే మాత్రం ఆగ" అన్నావు. ఆ తరువాత లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. వచ్చి చెబుదామని చూస్తే నువ్వు లేవు.

చెప్పాలనుకుని లోపలికి పోలేదు. అబద్ధమెందుకు? నువ్వు ఎవరినీ కలవకుండా గేటు దగ్గరే ఆపమని సెక్యూరిటీకి చెబుదామనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో పొద్దుటి ప్రాక్టీసుకు పిలిచారు. పోయి కారులో కూర్చున్నాను.

ఐస్ బనియను ఆరు ల్యాపులకే కరిగిపోయింది. తొమ్మిదో ల్యాపులో ఎడమ పక్కన ప్రపంచం బూడిద రంగైంది. ఒక కారు నన్ను దాటింది. అది ముందుకు వచ్చిన తరువాతే దాటిందని తెలిసింది. మమతారాణి కాదు, వేరే ఎవరో. లోపలికి వచ్చేశాను. హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెమటతోనే నేరుగా రేసు డాక్టరు గదికి నడిచాను.

"ఇప్పుడే నా కన్ను పరీక్ష చేయండి. చల్లబడనివ్వకండి" అన్నాను. ఆమె నా కుడి కన్ను మూసి, అక్షరాల అట్ట చూపించింది. పై వరుసలో పెద్ద అక్షరం ఒక్కటే, అదీ ఊహించి చెప్పాను. ఆమె కాగితం మీద సంతకం చేసింది. లైసెన్సు అక్కడే పోయింది.

తరువాత మా గ్యారేజీకి పోయాను. బాపు, మెకానిక్‌లు, స్పాన్సర్లు, అందరూ ఉన్నారు. నువ్వు నిలబడినట్టే పదిమంది మధ్య నిలబడ్డాను.

"బాపూ, నిరుడు ఆ పైపు గుద్దినంక వదులైంది. లక్ష్మణన్న తప్పు లేదు. బోర్డు నాకు కనవడలే. బ్రేకు నేనే తొక్కలే."

బాపు చాలాసేపు నా కళ్లనే చూశాడు, ఏ కన్నో తెలియనట్టు. "ఏడాది సంది ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్తే కారు అమ్మేస్తవని."

"కారు అమ్ముతనని... కన్ను దాచినవా?" అని అక్కడే టైర్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి, "లక్ష్మణ్ ఏడున్నడు?" అన్నాడు. గేటు దగ్గరున్నాడంటే, ఎండలో అంత దూరం తనే నడిచి వచ్చాడు. అప్పటికి రేసు మొదలైంది. నువ్వు వెళ్లిపోయావు.

నాలుగో రౌండు గురించి విచారణ వాళ్లకు నిజం రాసిచ్చాను. ఆ రెండో స్థానం కొట్టేశారు. టైటిల్ పుణే డ్రైవరుకు వెళ్లింది. మమతారాణి చేతికి కట్టుతో వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. "నెల రోజుల నుంచి ఆ మలుపులో నాదే తప్పనుకుంటున్నాను" అని ఏడ్చింది. నేను ఇంకొకరికి కూడా అదే చేశానని అప్పుడు తెలిసింది.

డిసెంబరు ఏడున హైదరాబాద్‌లో స్కానింగ్. ఈ వాపు ఒక్క కంటితో ఆగుతుందా, ఇంకెక్కడికైనా పాకుతుందా అన్నది అప్పుడు తెలుస్తుందట. భయంగా ఉంది. గోడను గుద్దినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

నన్ను క్షమించావా అన్నా? జవాబు ఏదైనా రాయి.

శ్రేయ


ఆదిలాబాద్,
డిసెంబరు 1

బిడ్డా శ్రేయా,

ఆ రోజు నేను ఎందుకు వెళ్లిపోయానో చెప్తాను. గోడ బయట నిలబడితే ట్రాక్ కనపడదు, చప్పుడే. గంట కాగానే లోపలికి పోబోతే పాస్ లేదని ఆపారు, అంతలో కార్లన్నీ ఒక్కసారి లేచాయి. అందులో నీ బండి గొంతు కోసం విన్నాను. మొదటి ల్యాపు, రెండో ల్యాపు. లేదు. నువ్వు చెప్పేశావని అర్థమైంది. సంతోషపడాలి కదా? ఆ ఇంజను నేను కట్టింది, ఆ పిల్లకు గేర్లు నేను నేర్పింది. గోడకు ఆనుకుని ఏడ్చాను. ఒక చాయ్ బండి అతను నీళ్లిచ్చి, తమిళంలో ఏదో అన్నాడు. ఆ మొహంతో నీ ముందుకు రాలేక బస్సెక్కాను.

మీ నాన్న ఫోన్ చేశారు. "తప్పయింది లక్ష్మణ్" అన్నారు. పదిమందిలో అన్న మాటను ఫోన్‌లో వాపసు తీసుకుంటే సగమే తీసుకున్నట్టని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. "నిజమే" అన్నారు. మళ్లీ పనిలోకి రమ్మన్నారు. రానన్నాను. నా షెడ్డు నాకు చాలు. మొన్న ఒక ట్రాలీకి బ్రేకు పైపులు మార్చాను. బిగించి, ఒక్కసారే చూసి పంపించేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు. క్షమించలేదు. ఉత్తరం చదివినప్పుడల్లా క్షమించాననుకుంటాను. పొద్దున లేవగానే ఆ కుర్చీ, నేల చూస్తున్న నువ్వు గుర్తొస్తావు. దానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు, తొందర పెట్టకు.

స్కానింగ్‌కు తోడు ఎవరు వస్తారో నువ్వు రాయలేదు. మీ నాన్న ఆస్పత్రిలో కూర్చోలేరు, అది నాకు తెలుసు. ఆరో తారీఖు సాయంత్రం బస్సుకు నేను కరీంనగర్ వస్తున్నాను. వినోద కూడా వస్తానంటోంది. ఏడున పొద్దున్నే బయలుదేరుదాం. పాత కాగితాలన్నీ, జనవరిలో ఆ డాక్టరు రాసిచ్చినవి కూడా, ఒక సంచిలో పెట్టుకో. ఏదీ దాచకు.

కారు నేను నడుపుతాను.

నీ,
లక్ష్మణన్న